యాభై లీటర్ల నీలం డ్రమ్ము: మూడేళ్లు వాడాక

ఒక ప్లాస్టిక్ డ్రమ్ము గురించి ఇంత రాస్తున్నానేమిటి అనుకోకండి. వరదకో తుఫానుకో ఇల్లు వదలాల్సి వస్తే మా ఇంటి కాగితాలు, అత్తయ్య మందులు, ఇంత తిండి, తలా ఒక జత బట్టలు అన్నీ ఈ ఒక్క డ్రమ్ములోనే బయటికి వస్తాయి. 2022 చివర్లో కొన్నాం. 2024 జులై వరదకి ఒకసారి, 2025 అక్టోబరులో మొంథా తుఫానుకి ఒకసారి దీన్ని పట్టుకుని ఇల్లు దాటాం. కాబట్టి బాగున్నదీ బాగోలేనిదీ రెండూ తెలిసే రాస్తున్నాను.

మాది కోనసీమలో మామిడికుదురు మండలం, గోదావరి వైనతేయ పాయ పక్కన లంక. పెంకుటిల్లు. మా ఆయన కొబ్బరి దింపు తీస్తారు, నేను ఇంట్లోనే మిషను కుడతాను. అత్తయ్యకి ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు, షుగరుకి ఇంజెక్షను. మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. ఒక గేదె, దూడ.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతుంటే మా ఆయన ఒకటే మాట అన్నారు, "ఆ నీళ్లు ఎటూ పోవు, మన దగ్గరికే వస్తాయి." ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. ఈ లెక్క మా లంకల్లో బడి పిల్లలకి కూడా నోటికొచ్చు. ఆ ఏడు 25 లక్షలు దాటింది. మేం సామానంతా అటకెక్కించి, మావయ్యగారి కాలం నాటి ట్రంకు పెట్టె ఒక్కటీ కిందికి దించి పడవ కోసం చూస్తూ కూర్చున్నాం. పడవ వచ్చింది. పెట్టె చూసి పడవతను, "పెట్టె వద్దమ్మా, మనుషులు ఎక్కండి" అన్నాడు. అతని తప్పేం లేదు. పడవలో అప్పటికే పద్నాలుగు మంది ఉన్నారు. గబగబా కాగితాలన్నీ తీసి చీరల కొట్టు కవరులో కుక్కాను. ఆ కవరు పడవ అడుగున నీళ్లలో నా కాళ్ల దగ్గరే నానుతూ ఏటిగట్టు దాకా వచ్చింది.

గట్టు మీద విప్పి చూసుకుంటే పాసు పుస్తకం ఉబ్బిపోయి ఉంది. దస్తావేజు మీద రిజిస్ట్రేషను సీలు ఇంకు పక్క పేజీకి అంటుకుంది. అత్తయ్య బీపీ మాత్రలు స్ట్రిప్పుల్లో ఉన్నవి బానే ఉన్నాయి గానీ, రోజూ వేసుకోవడానికి సులువని చిన్న డబ్బాలో పోసినవి ముద్దైపోయాయి. ఆ దస్తావేజు పేజీలు ఒక్కొక్కటీ విడదీసి, నా మిషను గుడ్డల మధ్య పెట్టి, మీద ఇస్త్రీపెట్టె చల్లగా బరువుకి ఉంచి ఆరబెట్టాను. అక్షరాలు దక్కాయి. సీలు దక్కలేదు.

డ్రమ్ము సంగతి చెప్పింది మా తమ్ముడు. రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. "అక్కా, చెరువులో డ్రమ్ములు నెలల తరబడి తేలుతుంటాయి, లోపల చుక్క నీరు పోదు. మూత మొత్తం ఊడొచ్చే రకం కొనుక్కో" అన్నాడు.

మొదటిసారి మోసపోయాం. ఊరి పేరు, కొట్టు పేరు రాయను. పాత డ్రమ్ములు అమ్మే చోట మూడువందల యాభైకి ఒకటి ఇచ్చారు. మూత తీస్తే ఘాటు వాసన. "కడిగితే పోతుందమ్మా" అన్నాడు కొట్టాయన. చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను, మూడు రోజులు ఎండలో బోర్లించాను. మూత పెట్టి రాత్రి ఉంచి పొద్దున్న తీస్తే మళ్లీ అదే వాసన. ఏ మందు పోసిన డ్రమ్మో అతనికీ తెలియదు. వెనక్కి తీసుకోనన్నాడు. అందులో తిండి, మాత్రలు పెట్టే ధైర్యం నాకు లేదు. పశువులకి కుడితి కూడా పెట్టనివ్వలేదు. ఇప్పుడది మా ఆయన తాళ్లకీ కత్తులకీ సరిపోయింది. పాత డ్రమ్ము కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. లోపల ముందు ఏముండేదో అమ్మేవాడు చెప్పలేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

రెండోది మిఠాయి కొట్టులో దొరికింది. వాళ్లకి లిక్విడ్ గ్లూకోజు ఇలాంటి డ్రమ్ముల్లోనే వస్తుంది. ఖాళీవి అమ్మేస్తారు. ఐదువందలు తీసుకున్నారు. లోపల జిగురు, అంతే. వేడినీళ్లు రెండుసార్లు పోసి కడిగితే పోయింది. యాభై లీటర్లది, దళసరి నీలం ప్లాస్టిక్కు. మూత అంచు లోపల గాడిలో నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది. మూత మీదుగా చుట్టూ ఇనుప రింగు, దానికి ఒక మీట. మూత మీద మోకాలు ఆనించి మీట మూస్తే "టక్" మని పడుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే పడలేదన్నమాటే.

కొన్న వారమే కాలువ రేవులో పరీక్ష పెట్టాం. లోపల పేపరు పరిచి, రెండు ఇటుకలు వేసి, మూత బిగించి నీళ్లలోకి తోశాం. మునగదు. యాభై లీటర్ల డ్రమ్ము మునగాలంటే దాదాపు యాభై కిలోల బరువుండాలి. మా ఆయన దాన్ని పక్కకి వాల్చి, మూత నీళ్లలో ఉండేలా అరగంట పట్టుకున్నారు. తీసి చూస్తే పేపరు ఒక మూల తడి. ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయనకి అంతుపట్టలేదు, నాకు చూడగానే తెలిసింది. జాకెట్టు మెడకి పైపింగు కుట్టేటప్పుడు రెండు కొసలు కలిసేచోట సరిగ్గా రాకపోతే అక్కడే ఉబ్బు వస్తుంది. వాషర్ కూడా అంతే. రబ్బరు రెండు కొసలు అతికినచోట గాడిలోంచి వెంట్రుకంత పైకి లేచి ఉంది, పక్కన ఇసుక రేణువొకటి. వాషర్ మొత్తం ఊడదీసి, గాడి తుడిచి, అతుకుని నొక్కి కూర్చోబెట్టి మళ్లీ ముంచాం. ఈసారి పేపరు పొడిగా వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. రబ్బరు ఎండిపోకుండా ఉంటుందని మా ఆయన వాషర్‌కి కొబ్బరినూనె రాశారు. మా ఇళ్లల్లో ఏది బిగుసుకున్నా ముందు చేతికొచ్చేది కొబ్బరినూనే కదా. 2023 జూన్‌లో తీసి చూస్తే వాషర్ ఉబ్బి, సాగి, గాడిలో వదులుగా ఊగుతోంది. నూనె తగిలితే కొన్ని రబ్బర్లు అలాగే పాడవుతాయట. హార్డ్‌వేర్ కొట్టులో అదే కొలత వాషర్ నలభై రూపాయలకి దొరికింది. ఇప్పుడు నూనె బదులు అత్తయ్య పౌడరు చల్లుతున్నాను. ప్రతి జూన్‌లో వానలు పడకముందే ఒకసారి రేవులో ముంచి చూస్తాం. ముంచకుండా ఏ ఏడూ నమ్మలేదు.

రింగు మాత్రం దీనికి పెద్ద లోపం. మా దగ్గర గాలిలోనే ఉప్పు ఉంటుంది. మొదటి ఏడాదికే తుప్పు పట్టి, మీట తియ్యడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. గరుకు కాగితంతో రుద్ది, తుప్పు ఆపే రెడాక్సైడ్ రంగు వేసి, మీట కీలుకి మాత్రం రెండు చుక్కలు మిషను నూనె వేస్తున్నాను, రబ్బరుకి తగలకుండా. అత్తయ్యా అమ్మాయీ తియ్యగలుగుతున్నారా లేదా అన్నది కూడా చూడండి. మూసినవాళ్లే తీస్తారన్న గ్యారంటీ ఏముంది?

పట్టుకోవడానికి పిడి లేదు, అది రెండో లోపం. మొదట నైలాను తాడు కట్టాం. అరిచేతులు కోసుకుపోయాయి, తడిస్తే జారిపోయింది. మా ఆయన కొబ్బరి పీచు తాడు మూడు పేటలు పేని, డ్రమ్ము నడుముకీ అడుక్కీ ఉచ్చు వేసి, పైన రెండు చెవుల్లా వదిలారు. తడిసినా జారదు. ఇద్దరు చెరో చెవి పట్టుకుని నడవచ్చు.

ఇక బరువు. మొదటిసారి ఉత్సాహంగా సర్దేశాను. చిన్న కుక్కరు, రెండు దుప్పట్లు, బియ్యం, అందరి బట్టలు. కొబ్బరికాయల కాటా మీద పెడితే ఇరవైఏడు కిలోలు! మా ఆయన ఒక్క చేత్తో ఎత్తారు, "ఏముంది" అన్నారు. కానీ ఆయన పొద్దున్నే దింపుకి వెళితే సాయంత్రం గానీ రారు. ఏటిగట్టు మా ఇంటికి అర కిలోమీటరు. నేనూ అమ్మాయీ మోసి చూశాం. సగం దూరం వెళ్లేసరికి మూడుసార్లు దించాం, పైగా ఆ సమయానికి అత్తయ్య చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. ఆ రోజే కుక్కరు తీసేశాను, దుప్పట్లు తీసేశాను. ఇప్పుడు డ్రమ్ముతో కలిపి పదిహేడు. డ్రమ్ములో ఎంత పడుతుంది అని కాదు, ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు ఎంత మొయ్యగలం అన్నదే నా కొలత.

ఆ పదిహేడు కిలోల్లో ఏముందంటే: పాత గొడుగు గుడ్డతో కుట్టిన సంచీల్లో అన్నీ విడివిడిగా. ఎర్ర దారం సంచీలో మందులు, పది రోజులకి సరిపడా, స్ట్రిప్పుల్లోనే, చీటీతో సహా. ఓఆర్ఎస్ పొట్లాలు. నల్ల దారం దాంట్లో కాగితాలు, మళ్లీ జిప్పు కవరులో. దస్తావేజు, పాసు పుస్తకం, అమ్మాయి పదో తరగతి మార్కుల లిస్టు, అత్తయ్య పింఛను కాగితాలు, గేదె ఇన్సూరెన్సు. ఆధార్, రేషన్ కార్డు ఫోనులో ఎలాగూ ఉన్నాయి, అయినా చార్జింగు అయిపోతే జిరాక్సు కాగితమే దిక్కు. అటుకులు, బెల్లం, వేరుశనగపప్పు. టార్చి, సెల్లు విడిగా తీసి. పవర్ బ్యాంకు. తలా ఒక జత బట్టలు, తువ్వాలు, నాకూ అమ్మాయికీ నెలసరి గుడ్డలు, ప్యాడ్లు. ఇవి ఎవరూ రాయరు గానీ, పునరావాసం పెట్టిన బడిలో రెండు రోజులుండాల్సి వస్తే ముందు గుర్తొచ్చేవి అవే. పది రూపాయలు, ఇరవై రూపాయల నోట్లుగా రెండు వేలు. పడవ దిగాక ఐదువందల నోటుకి చిల్లర ఇచ్చేవాళ్లుండరు.

పురుగు పట్టకుండా కలరా ఉండలు వేశాను ఒకసారి. మూత అంత గట్టిగా పడుతుందని ఆలోచించలేదు. మూడు నెలల తర్వాత అటుకులు నోట్లో పెట్టుకుంటే కలరా ఉండ తిన్నట్టే. అన్నీ పారబోశాను. ఇప్పుడు ఏమీ వెయ్యను, రెండు నెలలకోసారి అటుకులు తీసి ఉప్మా చేసేసి కొత్తవి పోస్తాను.

2024 జులైలో రెండో ప్రమాద హెచ్చరిక ఉండగా బయల్దేరాం. కాజ్‌వే మీద అప్పటికే నీళ్లు. నాటుపడవలోకి ఎక్కిస్తుంటే అమ్మాయి చేతిలో తాడు చెవి జారి డ్రమ్ము నీళ్లలో పడిపోయింది. నా ప్రాణం పోయినట్టైంది. అది మాత్రం నిటారుగా లేచి, తల ఊపుకుంటూ నాలుగు గజాలు కొట్టుకుపోయింది. పడవతను గెడతో దగ్గరికి లాక్కున్నాడు. గట్టు మీద మూత తీసేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. లోపల చెయ్యి పెట్టి కాగితాల సంచీ తడిమితే పొడిగా, కరకరలాడుతూ ఉంది. ఆ ఒక్క క్షణానికే ఐదువందలు ఇవ్వొచ్చు.

అప్పుడే ఇంకొకటి తెలిసింది. గట్టు మీద మిట్ట మధ్యాహ్నం ఎండకి డ్రమ్ము లోపల పొయ్యిలా కాలింది. కొవ్వొత్తులు వంగిపోయాయి. ఇన్సులిన్ అందులో పెట్టకూడదని అప్పుడు అర్థమైంది. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా చల్లటిచోట నాలుగు వారాలు ఉంటుందని మాకు చూసే డాక్టరుగారు చెప్పారు. చిన్న మట్టి ముంతలో సీసాని కవరుతో పెట్టి, ముంత చుట్టూ తడిగుడ్డ చుట్టి చేతిలో పట్టుకెళతాం. ఆ ముంత బాధ్యత అమ్మాయిది. మంచినీళ్ల టిన్ను నాది.

మొంథాకి అక్టోబరు 28న మధ్యాహ్నం భోజనాలు కాకముందే బడికి వెళ్లిపోయాం. ముందు రోజు నుంచే మైకులో చెబుతున్నారు, పెంకుటిళ్లవాళ్లు ఉండొద్దని. అత్తయ్య మారు మాట్లాడకుండా కదిలారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను చూసిన మనిషి ఆవిడ. ఆ రాత్రి గురించి ఎప్పుడూ ఎక్కువ చెప్పరు. గేదె గురించి మాత్రం చెబుతారు. "కట్టేసిన పలుపుతోనే పోయింది" అని. మా ఇంట్లో ఇల్లు వదిలేటప్పుడు చివరి పని పలుపులు విప్పడం. వీలైతే పగలే మెరకకి తోలేస్తాం, లేకపోతే విప్పి వదిలేస్తాం. గ్యాసు రెగ్యులేటరు తీసి సిలిండరు స్తంభానికి కట్టడం, మెయిన్ స్విచ్ ఆపడం ఆయన పని. ఇవన్నీ మూత లోపలి వైపు గోళ్ల రంగుతో రాసి ఉన్నాయి, ఎవరి పని వాళ్ల పేరుతో, అత్యవసరానికి 112, విపత్తుల కంట్రోల్ రూముకి 1070 నంబర్లతో సహా. మార్కరుతో రాస్తే చెమటకే చెరిగిపోయింది, గోళ్ల రంగు మూడేళ్లుగా నిలిచింది.

బడిలో కింద కూర్చోవాలి. అత్తయ్య మోకాళ్లకి అది కుదరదు. కుర్చీలు రెండే ఉంటే ఇద్దరు గర్భిణులకి ఇచ్చారు. అందుకని గోడ వారన డ్రమ్ము పెట్టి, మీద తువ్వాలు మడిచి వేసి కూర్చోబెట్టాం. అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, కరెంటు లేక, ఎక్కడో కొబ్బరిచెట్టు విరిగిన చప్పుడు విని మా ఆయన తలెత్తి, "అది మన దొడ్డి వైపే" అంటుంటే, ఆవిడ మాత్రం తెల్లవారిందాకా గోడకి ఆనుకుని డ్రమ్ము మీదే కూర్చున్నారు. మూత వంగలేదు, పక్కకి ఒరగలేదు. ఒక్క ఇబ్బంది, మాత్ర కావాలంటే ఆవిణ్ని లేపాలి. రెండుసార్లు లేపాను. ఆ రాత్రి తర్వాత, ఒక రోజుకి సరిపడా మందులు, టార్చి, కళ్లజోడు నా భుజం సంచీలోకి మారాయి. పేర్లు రాసుకునేటప్పుడు ఆధార్ అడిగారు. ఆ జిరాక్సులు కూడా ఇప్పుడు ఆ సంచీలోనే ఉంటాయి.

ఇంటికెళ్లి చూస్తే పెంకులు వంటగది వైపు మొత్తం లేచిపోయాయి. చెట్లు నాలుగు పోయాయి. గేదె గట్టు మీద మేస్తోంది.

డ్రమ్ముకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి రింగు తుప్పుకి తగ్గించాను. కానీ ఎప్పుడు కదలాలో డ్రమ్ము చెప్పదు కదా, అది ఇంట్లో ముందే అనుకుని పెట్టుకోవాలి. మేం పెట్టుకున్నది ఇది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక అనగానే డ్రమ్ము అటక దిగి గుమ్మం దగ్గరికి వస్తుంది. అత్తయ్య, గేదె అప్పుడే గట్టు దాటతారు. రెండోది వచ్చేదాకా ఇక ఆగం. 2024లో ఆగబట్టే పడవ ఎక్కాల్సి వచ్చింది, డ్రమ్ము నీళ్లలో పడింది. తుఫానుకైతే మైకు మొదటిసారి చెప్పిన రోజే, వెలుగుండగానే.

కొత్తగా కొనేవాళ్లు యాభై బదులు ముప్ఫై లీటర్లవి రెండు తీసుకోండి. ఇది మా అత్తయ్య సలహా. "చెరో పక్క కావిడికి వేస్తే ఒక్క మనిషి మోస్తాడు, ఇద్దరి చేతులు ఖాళీ" అన్నారు. నిజమే. ఒకదాంట్లో కాగితాలు, బట్టలు, ఇంకోదాంట్లో తిండి, మందులు పెట్టుకోవచ్చు. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. మిఠాయి కొట్టులో ముప్ఫైవి రావట. అమలాపురంలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో కొత్తది ఒక్కోటి ఏడువందలు చెప్పారు. ఒకటి తెచ్చాను. రెండోది పెళ్లిళ్ల జాకెట్ల డబ్బులు రాగానే తెస్తాను. కావిడి బద్ద మా ఆయన ఇప్పటికే చెక్కి, చూరులో పెట్టారు.